బస్తీ దాకా రాని రైతుబజారు

పట్నంలో కూరగాయల ధర పెరిగిన రోజు టీవీల్లో మన గురించే చర్చ. ధర పడిపోయి టమాటా రోడ్డు పక్కన పారబోసిన రోజు మన ఊసే ఉండదు. ఇది మనం చాలాసార్లు చెప్పుకున్నదే. ఈసారి అటువైపు మనిషి గురించి మాట్లాడుకుందాం. హైదరాబాద్ బస్తీలో ఒక్క గదిలో అద్దెకుంటూ పావు కిలో టమాటా, పది రూపాయల పచ్చిమిర్చి కొనుక్కునే మనిషి గురించి.

ఆ మనిషి మనకు పరాయి కాదు. బోర్లు ఎండి, భూములు అమ్ముకుని పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి పోయినవాళ్లే అక్కడ అడ్డా కూలీలు, వాచ్‌మన్లు, ఇండ్లలో పనిచేసే ఆడవాళ్లు. ఊళ్లో ఉన్నప్పుడు పెరట్లో తెంపుకున్న తోటకూర అక్కడ పైసలు పెట్టి కొనాలి. రేషన్ బియ్యం వస్తాయి, మనిషికి 6 కిలోలు. 2025 ఉగాది నుంచి సన్నబియ్యమే ఇస్తున్నారు. మంచిదే. కానీ బియ్యంతో కడుపు నిండుతుంది, ఒంటికి రక్తం పట్టదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆడవాళ్లలో (15-49 ఏళ్లు) 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు ఉండాలంటుంది. నలుగురున్న ఇంటికి కిలోన్నర పైమాటే. ఏ బస్తీలో ఏ ఇంట్లో అంత వండుతున్నారు?

రైతుబజార్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. 1999 జనవరిలో అవి మొదలైనప్పుడు పెట్టుకున్న పద్ధతి మంచిది. రైతుకు గుర్తింపు కార్డు, మధ్యలో దళారి లేడు, ధర టోకు కన్నా పాతిక శాతం ఎక్కువ, బయటి చిల్లర కన్నా పాతిక శాతం తక్కువ. ఎర్రగడ్డ, మెహదీపట్నం, సరూర్‌నగర్, వనస్థలిపురం బజార్లకు స్కూటర్ మీద వచ్చి వారానికి సరిపడా సంచి నింపుకుపోయేవాళ్లకు అవి బాగా పనికొచ్చాయి. బస్తీ మనిషికి ఆ లెక్క కుదరదు. ఇంట్లో ఫ్రిజ్ ఉండదు. ఏ రోజు కూలీ ఆ రోజే కాబట్టి వారం సరుకు ఒక్కసారి కొనే పైసలు చేతిలో ఉండవు. పొద్దున ఏడింటికల్లా అడ్డా మీద నిలబడాలి, తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. జగద్గిరిగుట్ట మీది నుంచి కూకట్‌పల్లి బజారుకు ఆటోలో పోయి వస్తే కూరగాయల మీద మిగిలేదంతా ఆటోకే పోతుంది. అందుకే గల్లీలోకి వచ్చే తోపుడు బండి మీద కొంటారు. పావు కిలోల్లో కొంటే కిలో ధర పెరుగుతుంది, దొరికేది కూడా పొద్దుటి నుంచి ఎండలో వాడిన సరుకే. బండి ఆయన్ను తిట్టి లాభం లేదు. ఆయన గిరిగిరి అప్పు తెచ్చి గుడిమల్కాపూర్‌లో సరుకు ఎత్తి, సాయంత్రానికి వడ్డీతో కట్టాల్సినవాడు.

2024లో రిజర్వ్ బ్యాంక్ వెలువరించిన ఒక పత్రంలో లెక్క చెప్పారు. కొనేవాళ్లు టమాటాకు పెట్టే రూపాయిలో రైతుకు చేరేది 33 పైసలు. ఉల్లిగడ్డకు 36, ఆలుగడ్డకు 37. అంటే తినేవాడికి అందదు, పండించినవాడికి మిగలదు. బోయిన్‌పల్లి మార్కెట్లో మిగిలి కుళ్లిన కూరగాయలు రోజుకు 10 టన్నుల దాకా వేసి కరెంటు తీస్తున్నారు. 2021లో ప్రధాని రేడియోలో మెచ్చుకున్నారు కూడా. వృథాగా పారేసే దానికన్నా నయమే అనుకోండి. ఆ పది టన్నుల్లో కొంతైనా కుళ్లకముందే రసూల్‌పురాకో అడ్డగుట్టకో చేరే దారి ఉందా అని మాత్రం ఎవరూ అడగలేదు.

మనకు కోపం తెప్పించేది ఇంకొకటి ఉంది. 2023 ఆగస్టులో ఉల్లి ఎగుమతి మీద 40 శాతం సుంకం వేశారు, డిసెంబరులో ఎగుమతే ఆపేశారు. కొనేవాళ్లకు భారం కావద్దని అన్నారు. మన ధర కోయాల్సి వచ్చినప్పుడే పట్నం పేదవాడు సర్కారుకు గుర్తొస్తాడు. ఆయన గల్లీలోకి కూరగాయ చేర్చాల్సి వచ్చినప్పుడు గుర్తుకు రాడు.

ఈ మాట ఎత్తితే మన సభ్యుల్లోనే కొందరు, పేదలకు చౌకగా పెట్టమంటే ఆ భారం మళ్లీ మన నెత్తినే పడుతుంది కదా అంటున్నారు. అడగాల్సిన ప్రశ్నే. మనం ధర తగ్గించుకుంటామని ఎవరికీ మాట ఇవ్వడం లేదు. రైతుబజారు ధరకే అమ్ముతాం. జాగా, బండి సర్కారు పెట్టాలంటున్నాం. 2020 లాక్‌డౌన్‌లో మార్కెటింగ్ శాఖ మొబైల్ రైతుబజార్లను కాలనీ కాలనీకి తిప్పింది. అప్పుడు కుదిరింది ఇప్పుడెందుకు కుదరదు? మార్కెట్ కమిటీల ఫీజు మన సరుకు మీద వచ్చేదే, డీజిల్ ఖర్చు అందులోంచే తీయొచ్చు. వారానికి రెండు సాయంత్రాలు, ఆరు నుంచి తొమ్మిది వరకు, బస్తీ కమ్యూనిటీ హాల్లోనో సర్కారు బడి ఆవరణలోనో మనం గంపలు దించుతాం. పావు కిలో అడిగినా కిలో ధర లెక్కనే తూస్తాం. అదే బండిలో చుట్టుపక్కల అంగన్‌వాడీలకు, హాస్టళ్లకు కూడా సరుకు దించొచ్చు, కానీ బిల్లు నెలల తరబడి ఆపొద్దు. ఇంకో చిన్న సంగతి. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. బరువు ఎక్కువైతే గంపకు మాత్రం టికెట్ తప్పదు. రైతు కార్డు ఉన్న ఆడవాళ్లకు ఆ లగేజీ చార్జీ ఎత్తేయాలి.

మన వంతూ ఉంది. బస్తీకి తీసుకుపోవాల్సింది క్యాప్సికం కాదు. పాలకూర, గోంగూర, బీర, సొర, వంకాయ, పచ్చిమిర్చి, తాండూరు వైపు వాళ్లయితే కందిపప్పు. మందు కొట్టి గడువు దాటని కూర ఆ గంపల్లోకి రాకూడదు.

చేవెళ్ల, షాబాద్, ఇబ్రహీంపట్నం మండలాల సభ్యులు వచ్చే నెల సమావేశానికి వచ్చేటప్పుడు ఎవరి చేనులో ఏముంది, వారంలో ఏ రెండు రోజులు రాగలరు అన్నది కాగితం మీద రాసుకుని రండి. ఆ జాబితా పట్టుకునే మార్కెటింగ్ శాఖకు పోదాం.