ఊరికే చేస్తున్నాడు, సరే. చిట్టా ఏది?

జీటీఏ రోల్‌ప్లే సర్వర్లలో మోడరేటర్ మీద ఎవరైనా నోరెత్తితే వెంటనే వచ్చే మాట ఒకటుంది. "పాపం వాడు ఊరికే చేస్తున్నాడ్రా, రూపాయి తీసుకోవట్లేదు, ఇంకేం అడుగుతావ్?" ఇందులో మొదటి సగం నిజం. రెండో సగంతోనే నా పేచీ. జీతం తీసుకోనివాణ్ణి జీతం గురించి అడగం, సరే. అధికారం తీసుకున్నాడు కదా, దాని గురించి అడగొద్దా?

ఆడనివాళ్ల కోసం రెండు ముక్కలు. మామూలు జీటీఏలో కనబడినవాణ్ణి కాల్చేస్తాం. ఆర్పీలో అలా కుదరదు. లారీ డ్రైవరో, ఎస్సైయో, డాక్టరో, గ్యాంగులో కుర్రాడో, ఏదో ఒక పాత్ర తీసుకుని మైకులో ఆ పాత్రలాగే మాట్లాడాలి, ప్రాణభయం ఉన్నవాడిలా నడుచుకోవాలి. మా తోట్లవల్లూరులో సెలవులకి కరకట్ట మీద కూర్చుని తెలుగు స్ట్రీములు చూసే కుర్రాళ్లకి ఇది సీరియల్ కన్నా ఎక్కువ. పాత్రకి ఇల్లు, బండి, పేరు, శత్రువులు ఏర్పడ్డానికి నెలలు పడుతుంది. ఒక్క బ్యాన్‌తో అన్నీ పోతాయి. రూల్స్ పేజీలకి పేజీలు రాసి ఉంటాయి గానీ, బ్యాన్‌కి చెప్పే కారణం చాలాసార్లు రెండే మాటలు: ఫెయిల్ ఆర్పీ. అంటే పాత్రకి తగ్గట్టు ఆడలేదని. తగ్గట్టు అంటే ఏంటో తేల్చేది మళ్లీ ఆ మోడరేటరే.

నేనాడే సర్వర్లో, పేరెందుకులెండి, నాకు తెలిసిన ఒకమ్మాయి డాక్టర్ పాత్ర వేసేది. ఒక గ్యాంగువాళ్లు రోజూ పేషెంట్లమంటూ ఆస్పత్రికొచ్చి మైకులో వెకిలిగా మాట్లాడేవాళ్లు. క్లిప్పులతో సహా డిస్కార్డులో టికెట్ పెట్టింది. ఆ టికెట్ తీసుకున్న మోడరేటర్ రాత్రిళ్లు అదే గ్యాంగుతో ఆడతాడు. "అన్నది క్యారెక్టరమ్మా, మనిషి కాదు" అని రాసి మూసేశాడు. రెండోసారి పెడితే మళ్లీ ఆయనే తీసుకున్నాడు, ఈసారి ఛానెలే చెరిపేశాడు. మూడోసారి ఆమె పెట్టలేదు. ఆటే మానేసింది. అసలు అలాంటి ఫిర్యాదే రాలేదని రేపు ఎవరైనా అంటే, కాదని చూపించడానికి మామూలు ఆటగాళ్ల చేతిలో ఏమీ లేదు.

"క్యారెక్టర్ అన్నాడు, మనిషి కాదు" అనే వాదన మనవాళ్లు కనిపెట్టింది కాదు, ముప్పై ఏళ్లు దాటిన సరుకు. 1990లో జిరాక్స్ పార్క్ పరిశోధకుడు పావెల్ కర్టిస్ లాంబ్డామూ అనే లోకాన్ని మొదలుపెట్టాడు. బొమ్మల్లేవు, అంతా అక్షరాలే. టైపు చేస్తూ పాత్రల్లో బతకడమే. నడిపేవాళ్లని విజార్డులనేవారు. తగాదాలు తీర్చి తీర్చి విసిగిపోయి 1992 డిసెంబరులో వాళ్లు చేతులు దులుపుకున్నారు: మెషీన్ సంగతి మాది, మనుషుల గొడవలు మీరే చూసుకోండి అని. కొద్ది నెలలకే, 1993లో, మిస్టర్ బంగిల్ అనే పాత్ర ఒక ప్రోగ్రామ్ వాడి, వేరేవాళ్ల పాత్రలు తమకి తామే లైంగిక హింస చేసుకుంటున్నట్టు అందరి ముందూ రాతలు పోయించింది. సభ్యులు సభ పెట్టి వాదించుకున్నారు, ఏమీ తేలలేదు. చివరికి ఒక విజార్డ్ ఎవరికీ చెప్పకుండా ఆ పాత్రని తీసేశాడు. చాలామంది ఊపిరి పీల్చుకునే ఉంటారు. నాకు మాత్రం అక్కడే భయమేస్తుంది. ఈసారి ఒక్కడి చేయి సరైనవాడి మీద పడింది, వచ్చేసారి ఎవరి మీద? కర్టిస్‌కీ ఆ సంగతి తట్టినట్టుంది. సభ్యులు పిటిషన్ పెట్టి ఓటేసుకుంటే విజార్డులు అమలు చేసే పద్ధతి తెచ్చాడు. అదీ ఎక్కువకాలం నిలవలేదనుకోండి, 1996లో విజార్డులు పగ్గాలు మళ్లీ తీసుకున్నారు.

డెల్టాలో పుట్టినవాళ్లకి ఇదంతా కొత్త లెక్కేం కాదు. తూము దగ్గర నిలబడ్డవాడి బలమేంటో మనకి తెలుసు. ఎగువన ఒక రాత్రి తూము ఎక్కువ ఎత్తితే దిగువన నాగాయలంక, కోడూరు వైపు శివారు రైతు నారుమడి ఎండుతుంది. సాగునీటి నిర్వహణని రైతులకే అప్పగిస్తూ 1997లో మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. నీటి సంఘం అధ్యక్షుడు సర్కారు ఉద్యోగి కాదు, తోటి రైతే. అయినా ఎన్నిక ఉంది, ఆడిట్ ఉంది, పనితీరు నచ్చకపోతే గడువులోపే దించే వీలు కూడా ఆ చట్టంలో రాసి పెట్టారు. 2024 డిసెంబరులో రాష్ట్రంలో ఆ ఎన్నికలు జరిగాయి. కాగితం మీదున్నదంతా కాలవగట్టు మీద జరుగుతుందని నేననను. కానీ "ఊరికే చేస్తున్నాడు, లెక్కలడక్కండి" అని అక్కడ ఎవడైనా అంటే గట్టు మీద నలుగురూ నవ్వుతారు.

కంప్యూటర్ ముందు ఇలాంటివి కుదరవంటారా? తెలుగు వికీపీడియా చూడండి. 2003 డిసెంబరు నుంచి నడుస్తోంది. నిర్వాహకులంతా జీతం లేనివాళ్లే, సభ్యులు ఒప్పుకుంటేనే ఆ హోదా వస్తుంది. ఎవరినైనా నిరోధిస్తే ఎవరు చేశారు, ఎన్నాళ్లకి, ఏ కారణంతో అన్నది చిట్టాలో పడుతుంది. లాగిన్ అవకుండానే ఎవరైనా చూడొచ్చు. చిట్టా అనే ఆ పాత లెక్కల మాటని వాళ్లు ఇలా వాడటం నాకు భలే నచ్చింది. అయితే చిట్టా ఒక్కటే చాలదు. క్రొయేషియన్ వికీపీడియాలోనూ ఇలాంటి చిట్టాయే ఉంది, కానీ ఏళ్ల తరబడి చిన్న నిర్వాహక గుంపు చేతిలోనే అంతా నడిచింది. ఎదురుచెప్పినవాళ్ల ఫిర్యాదు తిరిగి తిరిగి ఆ గుంపు దగ్గరికే చేరేది. 2021లో వికీమీడియా ఫౌండేషన్ ఆ వ్యవహారం మీద పెద్ద నివేదికే వేయాల్సొచ్చింది. డాక్టర్ పాత్రమ్మాయి రెండో టికెట్ కథ కూడా ఇదే.

ఈవ్ ఆన్‌లైన్‌లో 2007లో ఇంకా పెద్ద రచ్చ జరిగింది. కంపెనీ ఉద్యోగే తాను ఆడే కూటమికి అరుదైన బ్లూప్రింట్లు ముట్టజెప్పాడు. ఆ తర్వాత కంపెనీ ఉద్యోగుల మీద నిఘాకి ఒక విభాగం పెట్టింది, 2008 నుంచి ఆటగాళ్లు ఓటేసి ఎన్నుకునే మండలి వచ్చింది. జీతం తీసుకునేవాళ్ల మీదే ఇంత కాపలా పెడితే, అసలు సెలెక్షనే లేకుండా ఓనర్ స్నేహితుడన్న అర్హతతో వచ్చినవాళ్ల సంగతేంటి?

మోడరేటర్ల వైపు కూడా చెప్పాలి. ఇంటర్నల్స్ ముందురోజు రాత్రి రెండింటికి టికెట్లు చూస్తూ బూతులు తినడం సుఖమైన పనేం కాదు. క్యూలో ముందు నిలబెట్టడానికి డబ్బులు తీసుకునే సర్వర్లున్నాయి. ఆ డబ్బు ఓనర్‌కి, తిట్లు మోడరేటర్‌కి. ఏఓఎల్ కంపెనీ ఇలాగే వేలమంది వాలంటీర్లతో చాట్ రూములు కాయించుకుంటే వాళ్లు 1999లో కోర్టుకెక్కారు, 2010లో కంపెనీ కోటిన్నర డాలర్లు కట్టి రాజీపడింది. కాబట్టి "ఊరికే చేస్తున్నాడు" అనే మాట ఆటగాడి నోరు మూయించడానికి కాదు, ఓనర్‌ని నిలదీయడానికి వాడండి.

మా సర్వర్‌ని నేనడిగేది పెద్దదేం కాదు. బ్యాన్ల చిట్టా అందరికీ కనబడే ఛానెల్లో పెట్టండి, ఫిర్యాదు చేసినవాళ్ల పేరు మాత్రం దాచి. గొడవలో తన గ్యాంగు ఉంటే ఆ మోడరేటర్ టికెట్ ముట్టుకోకూడదు. అప్పీల్ ఇంకొకరు వినాలి. చిట్టా బయటపెడితే మోడరేటర్లని వెంటపడి తిడతారని భయమైతే పేరు బదులు నంబరు వేయండి, అభ్యంతరం లేదు.

దీనికి కావాల్సిన బాట్ రాయడం మన సీఎస్‌ఈ వాళ్లకి ఒక సాయంత్రం పని. ఎవర్ని ఎవరు బ్యాన్ చేశారు, ఏ ఛానెల్ ఎవరు చెరిపారు అన్నది డిస్కార్డ్ ఆడిట్ లాగ్‌లో ఎలాగూ పడుతుంది. అనుమతి ఉన్నవాళ్లకే అది కనబడుతుంది, అదీ 45 రోజులే ఉంటుంది. ఆ అమ్మాయి రెండో టికెట్ చెరిపేసి ఇవాళ్టికి 31 రోజులు.