గుంజీలు: శిక్షయా, శిక్షణయా?

గుంజీలు అను మాట వినినంతనే మన బాలబాలికలకు వ్యాయామము స్మృతికి రాదు. చెవులు పట్టుకొని తరగతి ముందర నిలిచిన అవమానమే స్మృతికి వచ్చును. ఏ పరికరమును, ఏ వ్యయమును లేకయే తొడలకును పిరుదులకును బలమొసగు నీ సాధనమును పెద్దలమైన మనమే శిక్షగా మార్చి, పిల్లలకు దానియెడ ఏవగింపు కలిగించితిమని మేము తలంచుచున్నాము.

తాలింఖానాలలో ఇట్టిదానినే బస్కీలని గౌరవముతో పిలిచెదరు. దండీలు, బస్కీలు మన మల్లుల నిత్యకృత్యములు. సుప్రసిద్ధ మల్లుడగు కోడి రామమూర్తి నాయుడుగారు సర్కసునకు పోవుటకు ముందు విజయనగరమున వ్యాయామోపాధ్యాయులే. ఉపాధ్యాయులకు వ్యాయామవిద్యను క్రమముగా నేర్పుటకై హెచ్. సి. బక్ గారు 1920లో మదరాసున వై.యం.సి.ఏ. కళాశాలను స్థాపించిరి. నేర్పవలసిన విద్య దండనమెట్లగును?

"శిక్షయైనను ఒడలికి మంచిదే కదా" యని కొందరందురు. కాని శిక్షలో లెక్కయే ముఖ్యము, తీరు కాదు. త్వరపడిన పిల్లవానికి మడమలు లేచును, మోకాళ్లు లోనికి ఒరగును, వీపు గూనివోవును. సిగ్గుపడిన మనస్సునకు ఏ పాఠమును అంటదు. అదిగాక 2009 నాటి విద్యాహక్కు చట్టపు 17వ సెక్షను శారీరక దండనను నిషేధించినది.

సరియైన తీరు ఇది. పాదములను భుజములంత యెడముగా నుంచి, వ్రేళ్లను కొంచెము వెలుపలికి త్రిప్పవలెను. వెనుక పీటయున్నట్లు భావించి, పిరుదులను వెనుకకు జరుపుచు, ఊపిరి పీల్చుచు మెల్లగా దిగవలెను. మోకాళ్లు వ్రేళ్ల దిక్కునకే వంగవలెను, ఱొమ్ము ఎత్తియుండవలెను. పిదప మడమలతో నేలను అదిమి, ఊపిరి విడుచుచు లేవవలెను. మల్లులు మునివ్రేళ్లపై లేచినను, క్రొత్తవారు మడమలెత్తరాదు. దిగలేనివారు బల్లపై కూర్చుండి లేచుటతో ఆరంభింపవచ్చును. తీరు చెడినచో, నొప్పి పుట్టినచో ఆపవలెను. తప్పుగా తీసిన నూటికంటె సరిగా తీసిన పదియే మేలు.

మన కోనసీమలో ధాన్యపు బస్తా, కొబ్బరికాయల గంప ఎత్తని యిల్లరుదు. నడుముతోగాక కాళ్లతో ఎత్తుట నేర్చినవానికి నడుమునొప్పి భయము తగ్గును. ఆ నేర్పునకు ఇదియే తొలిపాఠము.

కావున ఉపాధ్యాయులు గుంజీలను దండనలనుండి తొలగించి ఆటస్థలమునకు చేర్తురుగాక! తలిదండ్రులు ఇంట పిల్లలతో కూడ పది తీయుదురుగాక! విద్యార్థులారా, చెవులు విడువుడు. తలయెత్తి దిగుడు, తలయెత్తి లేవుడు.