గోంగూర, పత్తి ఒక్కింటియే

అంజూర్ ఫాటా కాడ చాయ్ తాగుకుంట సాంచెల ముచ్చట వెడితే ఏడికేడికో పోతది. మొన్న పద్మనగర్ పిల్లొకతె పుస్తకంల ‘టాక్సన్’ అని ఉందంటే, "జీఎస్టీనా?" అన్నడొకాయన. "కాదే, టాక్సీ" అన్నడింకొకాయన.

రెండూ కాదు. టాక్స్, టాక్సీ రెండూ లాటిన్‌ల వెల గట్టుడనే మాటకెల్లి వచ్చినయి. టాక్సన్ గ్రీకుది. ‘టాక్సిస్’ అంటే వరుసల వెట్టుడు. యుద్ధంల సిపాయిలను బారు దీసుడుకు గూడ అదే మాట. దానికి కట్టుబాటు అనే అర్థమున్న ‘నోమోస్’ కలిపి, 1813ల దకాందోల్ అనే స్విట్జర్లాండ్ పండితుడు ‘టాక్సానమీ’ అన్నడు. జీవాలను వరుస గట్టే విద్యన్నట్టు. ఆ పొడుగు మాటను కత్తిరించి 1926ల మేయర్-ఆబిష్ అనే జర్మనాయన టాక్సన్ జేసిండు. 1950ల స్టాక్‌హోమ్‌ల చెట్ల శాస్త్రవేత్తల మహాసభ ఒప్పుకున్నంకనే అది గట్టిగ నిలవడ్డది. ఈ పనికే పెద్దాయన లిన్నేయస్ 1778లనే పోయిండు. ఆయనకు ఈ మాటే తెల్వదు!

అర్థం పెద్దదేం గాదు. దగ్గరియని ఒక్కకాడ చేర్చి పేరువెట్టిన గుంపు ఏదైనా టాక్సనే, చిన్నదైనా పెద్దదైనా. మన నాటు పత్తి ‘గాసిపియం ఆర్బోరియం’ ఒక టాక్సన్. అమెరికాకెల్లి వచ్చిన ‘గాసిపియం హిర్సూటం’ ఇంకోటి. ఇయ్యాల మిల్లులల్ల వడికేది ఎక్కువ ఇదే. గాసిపియం మొత్తం ఒక టాక్సన్, దాని మీది మాల్వేసీ కుటుంబం ఇంకా పెద్దది. పాలిస్టర్‌కు మాత్రం ఇండ్ల జాగ లేదు, అది చమురుకు పుట్టింది.

ఇంకోటి సూడుండ్రి. ఈ లాటిన్ పేర్లల్ల గాసిపియం అనే ఇంటిపేరు ముందు, ఆర్బోరియం అనే సొంత పేరు ఎన్క. అచ్చం మన తెలుగోళ్ల పద్ధతే! ఈడి ఫారాలల్ల ఇంటిపేరును తోకకు కట్టిన్రని మన పెద్దోళ్లు గునుస్తరు గనీ, లాటిన్‌ల మనదే నడుస్తున్నది.

గా మాల్వేసీ ఇంట్ల ఎవలెవలున్నరంటే మందారం, బెండ, మన గోంగూర. మరాఠోళ్లు అంబాడి అంటరు గదా, అదే. గోగునార తాళ్లు పేనినోళ్లకు గోంగూర, పత్తి చుట్టాలంటే వింతగొట్టది. బెండను లిన్నేయస్ 1753ల మందారంతోటి కలిపి పెడితే, 1794ల మొయెంక్ అనేటాయన దాన్ని ‘అబెల్మాస్కస్’లకు మార్చి యేరు కాపురం పెట్టించిండు. అదే ఇంట్లనే, వేరే అర్రల. బూరుగు, గోనెసంచుల జూట్ మాత్రం శాన ఏండ్లు పక్కిండ్లల్లనే ఉన్నయి. 1998 కాడికెల్లి డీఎన్‌ఏ జూసి పూల చెట్ల కుటుంబాలను తిరగరాసినప్పుడు వాటిని గూడ లోపటికి పిలిచిన్రు. వాటెంబడి కోకో గూడ వచ్చింది. గోంగూరకు చాక్లెట్ చుట్టమంటే మా ఇంట్ల ఇంకా నమ్ముతలేరు.