వద్దనడమూ వైద్యమే

పుట్టిన బిడ్డ చేతికి రాగానే వేళ్లు లెక్కపెట్టడం మన ఇళ్లలో మామూలే. ఎఫ్‌ఓపీ అనే జబ్బు దగ్గర మాత్రం ఆ లెక్క పనికిరాదు. వేళ్లన్నీ ఉంటాయి. కాకపోతే కాలి బొటనవేళ్లు రెండూ పొట్టిగా, పక్క వేళ్ల వైపు ఒరిగి ఉంటాయి. ఈ జబ్బున్న పిల్లల్లో దాదాపు అందరికీ పుట్టుకతోనే ఉండే గుర్తు అది. ఆ తర్వాత కొన్నేళ్లు బిడ్డ ఆడుతూ పాడుతూ తిరుగుతుంది, ఎవరికీ ఏ అనుమానమూ రాదు.

పూర్తి పేరు ఫైబ్రోడిస్‌ప్లేసియా ఆసిఫికాన్స్ ప్రోగ్రెసివా. సుమారు 10 లక్షల మందిలో ఒకరికి వస్తుంది. ఏసీవీఆర్1 అనే జన్యువులో మార్పే కారణమని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఫ్రెడరిక్ కప్లాన్, ఐలీన్ షోర్ బృందం 2006లో తేల్చింది. ఎక్కువ మందిలో ఆ మార్పు తల్లిదండ్రుల నుంచి రాదు, బిడ్డలోనే కొత్తగా మొదలవుతుంది. కాబట్టి మేనరికాన్నో, తల్లి గ్రహణం చూసిందనో ఆడిపోసుకోవడానికి ఇక్కడ చోటు లేదు. కండరాలు, వాటిని ఎముకకు కట్టి ఉంచే తాళ్లలాంటి పట్టీలు క్రమంగా అసలు సిసలు ఎముకగా మారిపోతాయి. మొదట మెడ, వీపు, భుజాలు బిగుసుకుంటాయి. తర్వాత తుంటి, మోకాళ్లు, దవడ. ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియంలో హ్యారీ ఈస్ట్‌లాక్ అస్థిపంజరం ఉంది. నలభై నిండకుండానే 1973లో చనిపోయిన ఆయన, తన ఎముకలు పరిశోధనకు ఉపయోగపడాలని కోరుకున్నాడు. మామూలుగా అస్థిపంజరాన్ని తీగలతో కూర్చి నిలబెడతారు. ఆయనది చాలావరకు తనంతట తనే అతుక్కుని నిలబడింది.

అసలు చిక్కు ఇప్పుడు చెప్తాను. ఈ ఒంటికి దెబ్బ తగిలితే, తగిలిన చోట ఎముక పుడుతుంది. డాక్టరు పెట్టే గాటు కూడా దెబ్బే. నాలుగేళ్ల పిల్లాడి వీపు మీద గడ్డ లేస్తే క్యాన్సరేమోనని ముక్క తీసి పరీక్షకు పంపుతారు. అది తప్పని అనలేం, వేరే పిల్లాడికైతే అదే సరైన పని. 2005లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో 138 మంది రోగులను అడిగితే, 87 శాతం మందికి మొదట వేరే జబ్బు పేరు చెప్పారు. పెరిగిన ఎముకను కోసి తీసేస్తే పోతుందా అంటే, అంతకంటే ఎక్కువగా మళ్లీ వస్తుంది.

జ్వరానికి సూది వేయకపోతే ‘ఆయనేం డాక్టరు?’ అనే ఊళ్లు మనవి. కండలోకి వేసే ఆ సూదే ఇక్కడ ప్రమాదం. మెడ పట్టేసిందని నూనె మర్దన చేయించడం, కట్టు కట్టించడం, ఫిజియోథెరపీలో కీలును బలవంతంగా వంచడం, ఇవీ అంతే. ప్రేమతో చేసినా చేటే. పంటికి మత్తు కోసం దవడ లోపలి నరం దగ్గర ఇచ్చే ఇంజెక్షన్‌తో నోరు తెరుచుకోకుండా పోవచ్చు. చర్మం కిందికి ఇచ్చే టీకాలు, జాగ్రత్తగా సిర నుంచి రక్తం తీయడం మాత్రం కుదురుతాయి. పెద్ద కీలు దగ్గరో దవడ దగ్గరో వాపు మొదలైతే 24 గంటల్లోపు స్టెరాయిడ్ మొదలుపెట్టి 4 రోజులు ఇవ్వాలని నిపుణుల సూచన. పాలోవరోటీన్ అనే మందుకు 2023 ఆగస్టులో అమెరికా అనుమతిచ్చింది, యూరప్ ఒప్పుకోలేదు. అమెరికాలోనూ 8 ఏళ్లు నిండని ఆడపిల్లలకు, 10 నిండని మగపిల్లలకు ఇవ్వరు, ఎదుగుదల ముందే ఆగిపోతుందని.

కోట్ల రూపాయల మందుల గురించి మాట్లాడటం మనకిష్టం. నాకు కావలసింది అంతకంటే చవకైనది. పుట్టిన పిల్లల్లో లోపాలు పట్టడానికి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో వంకర పాదం ఇప్పటికే ఉంది. పాదం పట్టుకున్న నర్సు బొటనవేళ్లు కూడా చూస్తే ఏం పోతుంది? వేలు వంకరగా ఉన్న ప్రతి బిడ్డకూ ఈ జబ్బు ఉండదు, నిజమే. అనుమానం తీర్చుకోవడానికి జన్యు పరీక్ష ఉంది, హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ లాంటి సంస్థలు ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 80, 90 మంది కోసం ఇంత హడావుడా అని అధికారులు అడగొచ్చు. అడిగేముందు పిల్లల పరీక్ష కార్డులో ఒక గడి పెంచడానికి ఎంత ఖర్చవుతుందో కూడా చెప్పాలి.