గోల్ కొడితె ఫ్రెంచోడు, ఓడితె పరాయోడు

2025 సెప్టెంబర్ల పారిస్‌ల ఉస్మాన్ డెంబెలే చేతిల బాలన్ డోర్ పెట్టిండ్రు. బాలన్ డోర్ అంటె బంగారు బంతి. 1956 సంది ఇస్తున్నరు. గిప్పటిదాక అది అందుకున్న ఫ్రెంచోళ్లు ఆరుగురే. రేమండ్ కోపా, మిషెల్ ప్లాటిని, జాన్-పియెర్ పాపాన్, జినెదిన్ జిదాన్, కరీం బెంజెమా, ఇగ డెంబెలే. ఈ పేర్ల పక్కన వాళ్ల తాతలు, అమ్మనాయినలు యాడికెళ్లి వచ్చిండ్రో రాస్కుంట పోండ్రి. కోపా ఇంటోళ్లు పోలండ్ నుంచి. ప్లాటిని తాత ఇటలీ నుంచి. జిదాన్ అమ్మనాయినలు అల్జీరియా నుంచి. బెంజెమాది సుత అల్జీరియా మూలమే. డెంబెలే ఇంటోళ్లు పడమటి ఆఫ్రికా నుంచి. పాపాన్ ఒక్కన్ని పక్కకు పెడితె అయిదుగురికి అయిదుగురు వలసొచ్చిన ఇండ్ల పిల్లలే.

యూట్యూబ్ తెరిస్తె "ఫ్రాన్స్ ఆల్ టైమ్ టాప్ టెన్" అని బోలెడు వీడియోలు. జిదాన్ గొప్పనా, ప్లాటిని గొప్పనా, ఎంబాపే వీళ్లను దాటిండా లేదా అని కామెంట్లల్ల కొట్లాట. నాకు సుత గా కొట్లాట ఇష్టమే, చాయ్ తాగుకుంట ఎంతసేపైన చేస్త. కని గొప్పోడెవరు అనే ప్రశ్న కింద ఇంకో ప్రశ్న కూసోని ఉంది: ఫ్రెంచోడెవరు? 2027ల అక్కడ రాష్ట్రపతి ఎన్నికలున్నయి. బాగ బలపడ్డ నేషనల్ ర్యాలీ పార్టీ, ఆ గడ్డ మీద పుట్టినోళ్లకు పౌరసత్వమొచ్చే హక్కునే తీసేస్తమని బాజాప్తా చెప్తున్నది. గందుకే గీ జాబితాను ఆటల పేజీల కాదు, రాజకీయాల పేజీల చదవాలె అంటున్న.

"అన్నా, ఫుట్‌బాల్ మనకెందుకు" అనేటోళ్లకు ఒక్క మాట. 1960 రోమ్ ఒలింపిక్స్‌ల మన దేశం టీమ్ ఫ్రాన్స్‌ను 1-1 కాడ ఆపింది. గా టీమ్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదీ. క్రికెట్ తప్ప వేరే ఆట మనది కాదనుకునుడు మొన్నమొన్నటి అలవాటే.

కోపా కాడికెళ్లి మొదలుపెడుత. 1931ల నూ-లె-మీన్ అనే ఊర్లె పుట్టిండు. ఊరి పేర్లనే గనులున్నయి. మొదటి ప్రపంచ యుద్ధంల లక్షల మంది మగోళ్లు సచ్చిపోయి, ఫ్రాన్స్ బాయిలల్ల దిగెటందుకు మనుషులు దొరకలే. 1919ల పోలండ్‌తోని ఒప్పందం చేసుకొని కూలోళ్లను తెప్పిచ్చుకున్నరు. 1931 నాటికి ఫ్రాన్స్‌ల పోలండోళ్లు దగ్గర దగ్గర 5 లక్షల మంది. తర్వాత మాంద్యం రాంగనే చాన కుటుంబాలను అదే రైలెక్కిచ్చి ఎల్లగొట్టిండ్రు. కోపా అసలు ఇంటిపేరు కోపాషెవ్‌స్కీ. చిన్నతనంలనే బొగ్గుబాయిల దిగిండు, ప్రమాదంల ఎడమ చేతి వేలు కొంత పోయింది. గోదావరిఖని, కొత్తగూడెం, భూపాలపల్లి దిక్కు నుంచి ఇది చదువుతున్న తమ్ముళ్లకు బాయి పని గురించి నేను చెప్పేదేం లేదు. గా పిలగాడు రెయాల్ మాడ్రిడ్‌ల ఆడి వరుసగ మూడు యూరోపియన్ కప్పులు గెలిచిండు, 1958ల ఫ్రాన్స్‌కు మొదటి బంగారు బంతి తెచ్చిండు.

అదే ఏడాది స్వీడన్ ప్రపంచ కప్పుల ఫ్రాన్స్‌కు మూడో స్థానం. కోపా బంతి అందిస్తుంటె జుస్ట్ ఫాంటేన్ 6 మ్యాచులల్ల 13 గోల్స్ కొట్టిండు. ఒక్క ప్రపంచ కప్పుల అన్ని గోల్స్ ఆయన తర్వాత ఇంకెవ్వరు కొట్టలే. అది సుత తోటి ఆటగాడి బూట్లు అడిగి తీసుకొని ఏసుకొని. ఫాంటేన్ పుట్టింది మొరాకోల, మర్రకేష్‌ల.

గా కప్పుకు పోవాల్సి ఉండి పోనోడు ఒకడున్నడు. నా లెక్కల ఆయన కత అన్నింటికంటె పెద్దది. రషీద్ మెఖ్లూఫీ. అల్జీరియాల సెతీఫ్ ఊరు. 1945 మే 8న, హిట్లర్ ఓడిండని ఐరోపా పండుగ చేసుకుంటున్న రోజున్నే, సెతీఫ్‌ల స్వతంత్రం అడిగిన ఊరేగింపు మీద ఫ్రెంచ్ పోలీసులు కాల్పులు జరిపిండ్రు. తర్వాత చుట్టుపక్కల వేల మందిని సంపిండ్రు. మెఖ్లూఫీకి అప్పుడు ఎనిమిదేండ్లు. పెద్దగై సెంట్-ఎతియెన్ క్లబ్బుల మెరిసిండు, ఫ్రాన్స్ జెర్సీ సుత ఏసుకున్నడు, ప్రపంచ కప్పుకు పోయే ఆటగాళ్ల లెక్కల ఆయన పేరుంది. 1958 ఏప్రిల్ల, కప్పుకు రెండు నెలలుందనంగ, ముస్తఫా జితూనీ అసొంటి ఆటగాళ్ల లెక్కనే గుట్టుగ సరిహద్దు దాటి టునిస్ చేరిండు. అక్కడ అల్జీరియా విముక్తి ఫ్రంట్ పేరు మీద టీమ్ కట్టిండ్రు. ఫిఫా దాన్ని గుర్తించలే. మెఖ్లూఫీ అప్పటికి ఫ్రెంచ్ సైన్యంల డ్యూటీల ఉన్నడు, దొరికితె పారిపోయిన సిపాయి కింద లెక్క. 21 ఏండ్ల పిలగాడు పేరు, పైసలు, ప్రపంచ కప్పు అన్నీ ఒక్క రాత్రి ఇడిసిపెట్టి పోయిండు. 1962ల అల్జీరియా స్వతంత్రమైనంక మల్ల సెంట్-ఎతియెన్‌కే వచ్చి ఆడిండు. 1968 ఫ్రెంచ్ కప్పు ఫైనల్ల ఆ క్లబ్బు కొట్టిన రెండు గోల్స్ ఆయనవే. 2024 నవంబర్ల కన్నుమూసిండు. నేను చూసిన టాప్ టెన్ వీడియోలల్ల ఒక్కదాంట్ల సుత ఆయన పేరు లేదు. ఉంటె ఏ దేశం ఖాతాల రాస్తరు మరి?

ప్లాటిని గురించి ఎక్కువ రాయ. 1984 యూరో కప్పుల 5 మ్యాచులల్ల 9 గోల్స్, వరుసగ మూడు బంగారు బంతులు. ఆటల ఆయనను మించినోడు ఫ్రాన్స్‌ల లేడనే నేను సుత అంట. ఆయన పక్కన మిడ్‌ఫీల్డ్‌ల ఆడిన తిగానా మాలి దేశంల, బమాకోల పుట్టిండు. ఫెర్నాండెజ్ పుట్టింది స్పెయిన్‌ల. ప్లాటిని తర్వాత కుర్చీల కూసున్నడు, కేసులల్ల ఇరుక్కున్నడు, స్విస్ కోర్టుల నిర్దోషిగ బయటపడ్డడు. అది వేరే ముచ్చట.

జిదాన్ కాడ జర ఆగాలె. 1998 జులై 12 ఫైనల్ మన దిక్కు అర్ధరాత్రి దాటినంక వచ్చింది. కేబుల్ ఉన్న ఒకరింట్ల పదిమందిమి కూసోని చూసినం, మా అందరికి బ్రెజిలే గెలవాలె. జిదాన్ రెండుసార్లు తలతోని కొట్టిండు, బ్రెజిల్ 3-0 తోని ఓడింది. ఆ రాత్రి పారిస్‌ల ఆర్క్ ద ట్రయంఫ్ మీద జిదాన్ బొమ్మను లైట్లతోని ఏసిండ్రు. నెపోలియన్ తన సైన్యం గెలుపులకు గుర్తుగ కట్టిచ్చిన కట్టడమది. దాని మీద అల్జీరియా నుంచి వచ్చిన కూలోని కొడుకు ముఖం. జిదాన్ నాయిన స్మాయిల్ 1950లల్ల పొట్టచేత పట్టుకొని వచ్చి మొదట పనిచేసింది పారిస్ పక్కన సెంట్-డెనిల, బిల్డింగ్ పనులల్ల. కొడుకు కప్పు గెలిచిన స్టేడియం ఉన్నది గా సెంట్-డెనిలనే.

దానికి రెండేండ్ల ముందు, 1996ల, నేషనల్ ఫ్రంట్ నాయకుడు జాన్-మరీ లెపెన్ ఇది ఉత్తుత్తి టీమ్, బయటోళ్లను తెచ్చి ఫ్రాన్స్ టీమ్ అని పేరు పెట్టిండ్రు అన్నట్టు మాట్లాడిండు. ఈ నేషనల్ ర్యాలీ ఎవరో కాదు, గా నేషనల్ ఫ్రంటే పేరు మార్చుకున్నది. కప్పు రాంగనే దేశమంత నల్లోళ్లు, తెల్లోళ్లు, అరబ్బులు కలిసిన ఫ్రాన్స్ అని ఎగిరింది. జాత్యహంకారం ఇగ ఖతమైనట్టే అనుకున్నరు. నాలుగేండ్లు నిండలే, 2002 ఏప్రిల్ 21న అదే లెపెన్ రాష్ట్రపతి ఎన్నికల రెండో రౌండుకు చేరిండు. ఆఖరికి ఓడిండు, కని చేరనైతె చేరిండు.

1998ల కప్పు కంటె ముఖ్యమైన పని ఇంకోటి జరిగింది, దాని మీద ఎవ్వరు వీడియో చెయ్యరు. అంతకుముందు 1993ల ఒక చట్టం తెచ్చిండ్రు. ఫ్రాన్స్‌ల పుట్టిన విదేశీయుల పిల్లలు 16 నుంచి 21 ఏండ్ల లోపు "మాకు పౌరసత్వం కావాలె" అని అడుక్కుంటెనే వస్తది అని. 1998 మార్చిల ఆ షరతు తీసేసిండ్రు. అక్కడ పుట్టి, అక్కడ కొన్నేండ్లు బతికితె, 18 నిండంగనే దానంతటదే వస్తది. ఇప్పుడు నేషనల్ ర్యాలీ చెయ్యి పెడుతనంటున్నది గీ హక్కు మీదనే.

దీని విలువ మనకు ఎరుక కావాలె. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు నుంచి ఖతర్‌కు పోయినోళ్లు ఎందరో. 2022 కప్పు కోసం ఆ దేశాన్ని కట్టింది మనలాంటి దేశాల వలస కూలోళ్లే. అక్కడ కూలోడు పెండ్లాం పిల్లలను తెచ్చుకోలేడు. కొందరికి అక్కడ పిల్లలు పుట్టినా గా పిల్లలు ఖతర్ పౌరులు కారు. స్మాయిల్ జిదాన్ ఖతర్‌కు పోయి ఉంటె జినెదిన్ జిదాన్ అనే ఆటగాడు ఆ దేశం జెర్సీ ఏసుకునేటోడే కాదు. ఫ్రాన్స్ మంచిదని కాదు నేను చెప్పేది, సెతీఫ్ ముచ్చట పైన్నే రాసిన. చట్టం ఒక్కటి ఉంటె ఏమైతది, లేకుంటె ఏమైతది అని చెప్తున్న. (గా ఖతర్ పైసలే 2011 సంది పారిస్ క్లబ్బును నడిపిస్తున్నయి. డెంబెలేకు బంగారు బంతి వచ్చింది గా క్లబ్బుల ఆడే. లోకం గిట్లుంటది.)

చట్టమున్నా అనుమానం పోలే. 2011ల మీడియాపార్ట్ అనే వార్తా సంస్థ ఫుట్‌బాల్ ఫెడరేషన్ లోపలి ముచ్చట బయటపెట్టింది. శిక్షణ కేంద్రాలల్ల రెండు దేశాల పౌరసత్వం దొరికే పిల్లలను 30 శాతానికి మించనియ్యొద్దా అని పెద్దలు మీటింగుల మాట్లాడుకున్నరు. పన్నెండు, పదమూడేండ్ల పిల్లల సంగతి ఇది. గోల్ కొడితె నేను ఫ్రెంచోన్ని, కొట్టకుంటె అరబ్బోన్ని అని బెంజెమా ఒకసారి అన్నడు. 2022 ఫైనల్ల ఎంబాపే మూడు గోల్స్ కొట్టినంక ఫ్రాన్స్ పెనాల్టీలల్ల ఓడింది. పెనాల్టీ తప్పిన కోమాన్, చువామెనీల మీద తెల్లారేసరికి సోషల్ మీడియాల రంగు తిట్లు. గెలిస్తె ఆ తిట్లు ఉండకపోవు గని, బయటికైతె రావు.

మనోళ్లతోని సుత ఒక పంచాయితి ఉంది నాకు. 2018ల ఫ్రాన్స్ కప్పు గెలిస్తె "ఆఫ్రికా గెలిచింది" అని ప్రపంచమంత జోకులు. మన వాట్సాప్ గ్రూపులల్ల సుత తిరిగినయి. మెచ్చుకున్నట్టే ఉంటది. కని ఆ పిలగాండ్లల్ల ఒకరిద్దరు తప్ప అందరు ఫ్రాన్స్ గడ్డ మీద పుట్టినోళ్లే, అక్కడి సర్కారు బడులల్ల చదివినోళ్లే, అక్కడి గల్లీ క్లబ్బులల్ల ఆట నేర్చినోళ్లే. లెపెన్ తిట్టుకుంట అన్న మాటనే మనం చప్పట్లు కొట్టుకుంట అంటున్నం. ఆలోచించుండ్రి.

ఇగ ఎంబాపే. జిదాన్ కప్పు గెలిచిన అయిదు నెలలకు పుట్టిండు, సెంట్-డెని పక్కన బోండీల పెరిగిండు. నాయినది కామెరూన్ మూలం, అమ్మది అల్జీరియా. 2024 జూన్ల యూరప్ పార్లమెంటు ఎన్నికలల్ల నేషనల్ ర్యాలీ 31 శాతం ఓట్లతోని మొదటి స్థానంల నిలవంగనే, మాక్రాన్ పార్లమెంటును రద్దు చేసి ఎన్నికలు పెట్టిండు. యూరో కప్పు ఆడెటందుకు జర్మనీల ఉన్న టీమ్‌ల మొదలు నోరిప్పినోళ్లల్ల మార్కస్ తురామ్ ఒకడు. గా పార్టీని గెలవనియ్యొద్దు, కొట్లాడాలె అన్నడు. తెల్లారి ఎంబాపే, తీవ్రవాద రాజకీయం అధికారం గడప కాడ ఉంది, యువత పోయి ఓటెయ్యాలె అన్నడు. మార్కస్ తండ్రి లిలియాన్ తురామ్ సుత గిట్లనే ఉండేటోడు. 2005ల హోం మంత్రి సార్కోజీ బస్తీ పోరగాండ్లను చెత్తగాళ్లు అనే అర్థమొచ్చే మాట అంటె, నేను సుత గా బస్తీలల్లనే పెరిగిన అని ఎదురు నిలబడ్డడు. మరుసటేడు ఇండ్లల్ల నుంచి ఎల్లగొట్టబడ్డ వలసోళ్లను మ్యాచ్ చూడనీకి పిలిపిచ్చిండు.

ఎంబాపేకు నేషనల్ ర్యాలీ నాయకుడు బార్డెల్లా ఇచ్చిన జవాబు: కోట్లు సంపాదించేటోళ్లు, బతుకనీకి తిప్పలు పడేటోళ్లకు నీతులు చెప్పుడేంది అని. వినెటందుకు మన మాట లెక్కనే ఉంటది, జర జాగ్రత్త. ఎంబాపే కాడ కోట్లున్న మాట నిజమే. కని గా పార్టీ పౌరసత్వం తీస్తనన్నది కోట్లున్నోళ్ల పిల్లలది కాదు, బోండీల ఊడ్చేటోళ్ల పిల్లలది. వాళ్లల్ల ఒకరు మైకు ముందుకొస్తె ఏ టీవీ చూపిస్తది? గా జులై 7న రెండో రౌండుల నేషనల్ ర్యాలీ సీట్లల్ల మూడో స్థానంకు పడ్డది. ఆటగాళ్ల మాటతోనే పడ్డదని నేను అన. వామపక్షాలు ఒక్కటైనయి, మూడో స్థానంల ఉన్న అభ్యర్థులు చాన కాడ తప్పుకున్నరు, అది అసలు కారణం.

గొప్పోళ్ల జాబితాలల్ల ఆడోళ్లు ఎందుకు లేరో ఇంకో వ్యాసం రాయొచ్చు. ఒక్క పేరు చెప్త: వెండీ రెనార్. మార్తినీక్ దీవిల పుట్టింది, లియోన్ క్లబ్బుతోని 8 ఛాంపియన్స్ లీగులు గెలిచింది. 2023 ఫిబ్రవరిల, ప్రపంచ కప్పు అయిదు నెలలుందనంగ, గీ పద్ధతి నాకు పడదని దేశం టీమ్ నుంచి తప్పుకున్నది. ఇంకిద్దరు ఆమె ఎంబడి వచ్చిండ్రు. నెల తిరుగకముందే ఫెడరేషన్ కోచ్‌ను తీసేసింది. రెనార్ మల్ల కెప్టెన్‌గ పోయి, కప్పుల బ్రెజిల్ మీద గెలుపు గోల్ కొట్టింది.

నన్నడిగితె మొదటి పేరు కోపాదే, జిదాన్‌ది కాదు. కారణం బంగారు బంతి కాదు. ఆ రోజులల్ల ఫ్రాన్స్‌ల ఆటగాడు పోరగానిగ ఉన్నప్పుడు ఒక్కసారి సంతకం పెడితె 35 ఏండ్లొచ్చేదాక క్లబ్బు సొత్తు. మన దిక్కు ఎన్కట దొర కాడ జీతమున్నట్టు. అమ్మాలన్నా, ఉంచుకోవాలన్నా క్లబ్బు ఇష్టం. 1961ల కామెరూన్ నుంచి వచ్చిన ఊజెన్ న్జో లేయా, ఫాంటేన్ అసొంటోళ్లు కలిసి యూనియన్ పెట్టిండ్రు. 1963ల కోపా పేరు పైసా అన్నీ ఉండి, ఆటగాళ్లు బానిసలు అని పత్రికల బహిరంగంగ అన్నడు. ఫుట్‌బాల్ పెద్దలు ఆయన మీద చర్య తీసుకున్నరు. కని ముచ్చట ఆగలే. 1969ల గడువున్న కాంట్రాక్టు వచ్చింది, ఆటగాడు తన ఇష్టమున్న కాడికి పోయే తొవ్వ తెరుచుకున్నది. కోపా రెండేండ్ల ముందే, 1967ల, బూట్లు ఇడిసిండు. గా కాంట్రాక్టు కింద ఆయన ఒక్క మ్యాచ్ సుత ఆడలే.