సీటుంది, మంచం లేదు

ఉస్మానియా హాస్టళ్లలో జాబితాకెక్కని విద్యార్థులు ఎప్పుడూ ఉంటారు. వాళ్లను నాన్ బోర్డర్లు అంటారు. గది ఇచ్చింది ఇద్దరికైతే పడుకునేది నలుగురు. ఒకరి పెట్టె మరొకరి మంచం కింద ఉంటుంది, బట్టలు కిటికీ చువ్వలకు వేలాడుతుంటాయి, రెండు మంచాల నడుమ చాప. తనిఖీకి వస్తున్నారని కబురు తెలిస్తే ఆ రాత్రి రీడింగ్ రూమ్‌లోనో మరో హాస్టల్లో స్నేహితుడి దగ్గరో గడిచిపోవాలి. వీళ్లలో చదువు ముగిసినా ఉద్యోగ పరీక్షల కోసం ఉండిపోయినవారున్నారు, నిజమే. కానీ ఏదో కాలేజీలో సీటు ఉండి, హాస్టల్ దొరక్క, బయట అద్దె కట్టలేక వచ్చి చేరినవారూ ఉన్నారు. అధికారులు ఇద్దరినీ ఒకే గాటన కట్టి అక్రమంగా ఉంటున్నారంటారు. నా దృష్టిలో ఈ రెండో రకం పిల్లలు ఇల్లు లేనివాళ్లు.

ప్రభుత్వ లెక్కల్లో మాత్రం కాదు. 2011 జనాభా లెక్కలు దేశంలో ఇల్లు లేనివారు 17.7 లక్షల మంది అని తేల్చాయి. ఫుట్‌పాత్‌ల మీద, ఫ్లైఓవర్ల కింద, రైల్వే స్టేషన్లలో పడుకునేవారి సంఖ్య అది. స్నేహితుడి గదిలో చాప మీద పడుకునే డిగ్రీ విద్యార్థి అందులోకి రాడు. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ తన విద్యార్థులనే నేరుగా అడిగి చూసింది. ఏడాదిలో ఒక్కసారైనా నిలువ నీడ లేకుండా గడిపామన్నవారు సుమారు 11 శాతం ఉన్నారని 2018లో వెల్లడించింది. అక్కడ స్నేహితుల ఇళ్లలో సోఫాల మీద రోజులు నెట్టుకొచ్చినవారిని కూడా లెక్కలోకి తీసుకున్నారు. మన విశ్వవిద్యాలయాలకు ఆ ప్రశ్న అడగడం కష్టమేమీ కాదు. అడిగితే వచ్చే జవాబుకు బాధ్యత వహించాల్సి వస్తుంది.

సీట్ల విషయంలో మనం చాలా దూరం వచ్చాం. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం స్థూల నమోదు నిష్పత్తి దేశంలో 28.4 ఉంటే, తెలంగాణలో 40, ఆంధ్రప్రదేశ్‌లో 36.5. కూలి చేసుకునే ఇళ్ల నుంచి మొదటిసారి కాలేజీ గడప తొక్కినవారు ఈ అంకెల వెనక ఉన్నారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వారికి తలుపు తీసింది. పాలమూరు, ఆదిలాబాద్ పల్లెల నుంచి హైదరాబాద్ కాలేజీని ఎంచుకున్న పిల్లవాడికి తెలంగాణ డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ వ్యవస్థ దోస్త్ సీటు కేటాయిస్తుంది. రాత్రి ఎక్కడ పడుకుంటావని అతణ్ణి ఎవరూ అడగరు.

బయట హాస్టళ్ల సంగతి చూడండి. దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట వైపు నలుగురైదుగురు పంచుకునే గదిలో ఒక మంచానికి భోజనంతో కలిపి నెలకు ఆరేడు వేలు అడుగుతున్నారు. పైగా అడ్వాన్స్. ఇటువైపు ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను కేంద్రం 2021లో సవరించింది. బీఏ, బీకామ్, బీఎస్సీ చదువుతూ హాస్టల్లో ఉండేవారికి నిర్వహణ భత్యం ఏడాదికి 6,000 రూపాయలు. నెలకు ఐదు వందలు. తెలంగాణ ప్రభుత్వమే 2024 చివర్లో ఇంటర్ నుంచి పీజీ వరకు హాస్టల్ విద్యార్థుల డైట్ చార్జీలను 1,500 నుంచి 2,100కు పెంచింది. అంటే తిండికే నెలకు రెండు వేలు దాటుతుందని ప్రభుత్వానికి తెలుసు. ప్రభుత్వ హాస్టల్లో చోటు దొరికిన విద్యార్థి గట్టెక్కుతాడు. దొరకని విద్యార్థి ఆ ఐదు వందలతో ఏం చేయగలడు? పైగా అది నెలనెలా రాదు. హాస్టల్ యజమాని మాత్రం ప్రతి నెలా మొదటి వారంలోనే తలుపు తడతాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన వసతి దీవెన డిగ్రీ విద్యార్థికి ఏడాదికి 20,000 ఇస్తామంది. ఆ మొత్తాన్ని కూడా రెండు విడతలుగానే పెట్టారు.

ప్రైవేటు హాస్టల్లో ఉండే విద్యార్థి అద్దెదారుడా, అతిథా అన్నది కూడా తేలలేదు. ఇవి నివాస గృహాలు కావంటూ 12 శాతం జీఎస్టీ కట్టాలని 2023లో కర్ణాటక అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ చెప్పింది. 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ నెలకు 20,000 లోపు అద్దెతో, కనీసం 90 రోజులు వరుసగా ఉండేవారికి మినహాయింపు ఇవ్వడంతో పన్ను బెడద తప్పింది. అడ్వాన్స్ ఎప్పుడు తిరిగివ్వాలి, అద్దె ఎంత పెంచవచ్చు, ఎన్ని రోజుల ముందు చెప్పి ఖాళీ చేయించాలి అన్నవి ఇప్పటికీ యజమాని మాట మీదే నడుస్తున్నాయి. తమిళనాడు 2014లో మహిళల, పిల్లల హాస్టళ్లకు ప్రత్యేక చట్టం తెచ్చి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. మనకూ అలాంటి చట్టం కావాలి. అందులో మగపిల్లల హాస్టళ్లను కూడా చేర్చాలి.

ఆడపిల్లల కష్టం ఇంకో రకం. నాన్ బోర్డర్‌గా సర్దుకుపోవడం వారికి అంత తేలిక కాదు. హాస్టల్ రాకపోతే చాలా ఇళ్లలో చదువే ఆగిపోతుంది, లేదా ఊరి నుంచి రోజూ ప్రయాణం. మహిళలకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం వచ్చాక టికెట్ ఖర్చు తగ్గింది గానీ బస్సులో గడిచే గంటలు తగ్గలేదు. 2022 నవంబరులో నిజాం కాలేజీలో జరిగింది గుర్తు చేసుకోవాలి. కొత్తగా కట్టిన బాలికల హాస్టల్‌ను పీజీ విద్యార్థినులకు కేటాయించడంతో డిగ్రీ అమ్మాయిలు రోజుల తరబడి బైఠాయించారు. సగం ఇస్తామన్నా లేవలేదు. చివరికి మొత్తం వారికే ఇచ్చారు. ఆ అమ్మాయిల పట్టుదలకు చేతులెత్తి నమస్కరించాలి. కానీ చోటు లేని రెండు గుంపులను ఒక్క భవనం దగ్గర ఎదురెదురుగా నిలబెట్టిన పరిస్థితి గురించి ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

2024 ఏప్రిల్‌లో ఉస్మానియా హాస్టళ్లను మే నెలంతా మూసేస్తామన్న నోటీసు వచ్చినప్పుడూ ఇదే తీరు. నీళ్లు, కరెంటు కొరత అని అందులో రాయడంతో పార్టీలు కొరత ఉందా లేదా అని కొట్టుకున్నాయి. మూసేస్తే పిల్లలు ఎక్కడికి పోవాలన్నది చర్చకే రాలేదు. సెలవుల్లో ఇంటికి వెళ్లమంటే సరిపోతుందనుకుంటారు. ఇంట్లో చదువుకునేంత చోటు లేనివారు, తల్లిదండ్రులు వలస పోయి ఊళ్లో ఇంటికి తాళం పడినవారు, జూన్‌లో పరీక్ష ఉన్నవారు ఎంతమంది ఉంటారో ఏ వార్డెన్‌ను అడిగినా చెబుతారు.

హాస్టళ్లు కట్టడానికి ఏళ్లు పడుతుందన్నది నిజమే. కట్టేదాకా ఆగక్కర్లేదు. నగరాల్లో ఖాళీగా ఉన్న ప్రభుత్వ గృహాలను అద్దె వసతిగా మార్చుకోవచ్చని కేంద్రం 2020లోనే పథకం ప్రకటించింది, విద్యార్థులను లబ్ధిదారుల్లో చేర్చింది. అలాంటి ఇళ్లను కాలేజీలకు అప్పగించి, వార్డెన్‌ను, మెస్‌ను ఏర్పాటు చేయడం ఒక్క విద్యా సంవత్సరంలో అయ్యే పని. నిర్వహణ భత్యాన్ని నెలనెలా విద్యార్థి ఖాతాలో వేయాలి, ఆ మొత్తాన్ని ఆ నగరంలోని అద్దెతో ముడిపెట్టాలి. అన్నిటికన్నా ముందు జరగాల్సింది దోస్త్ దరఖాస్తులో హాస్టల్ కావాలా అన్న ప్రశ్న చేర్చి, సీటుతో పాటే మంచం కేటాయించడం. కేటాయించలేకపోయిన ప్రతి పేరు ఆ కాలేజీ జాబితాలో బకాయిగా మిగలాలి, ఏటా జూలైలో ఆ జాబితా బయటపెట్టాలి. నాన్ బోర్డర్లను పట్టుకోవడానికి రాత్రిళ్లు గదులు తట్టే సిబ్బంది చేతిలో అప్పుడు ఆ జాబితా ఉంటుంది. ఎవరిని బయటికి పంపాలో, ఎవరికి చోటు చూపించాలో దాన్ని బట్టి తేల్చవచ్చు.