పిల్లి పళ్లెం, కందిరీగల తుట్టె

గత వేసవిలో మా మదరసా ప్రాంగణంలో జరిగిన ఒక సంఘటనను ఈ నెల పాఠకుల ముందు ఉంచదలచాము. సంఘటన చిన్నదే. అయితే అందులో మా పొరపాటు ఒకటి ఉంది. దానిని దాచి మంచిమాటలు మాత్రమే వ్రాస్తే అది ఉపదేశం అవుతుందే గాని నిజాయితీ కాదు.

మా ప్రాంగణం గోడ పక్కన వేపచెట్టు నీడలో ఆరేడు పిల్లులు ఉంటాయి. వెనుక వీధిలో నివసించే ఒక వృద్ధురాలు అనేక సంవత్సరాలుగా ప్రతిరోజూ జుహర్ నమాజు వేళ దాటిన తర్వాత వచ్చి, చేప తలలు, మాంసపు తునకలు కలిపిన అన్నం ఒక పళ్లెంలో పెట్టి వెళ్లేది. పిల్లలందరూ ఆమెను ‘నానీ’ అని పిలుస్తారు. పిల్లులు తిన్నంత తిని వెళ్లిపోయేవి. మిగిలినది సాయంత్రం వరకూ అక్కడే ఉండేది.

ఎండలు ముదిరేసరికి ఆ పళ్లెం చుట్టూ కందిరీగలు మూగసాగాయి. వుజూ కుళాయిల పైనున్న రేకు కింద ఒక తుట్టె, వేపచెట్టు పై కొమ్మన మరొక తుట్టె కనిపించాయి. ఒక మధ్యాహ్నం హిఫ్జ్ తరగతిలోని తొమ్మిదేళ్ల బాలుడు పిల్లిని నిమరడానికి వంగగా కందిరీగ అతని కనురెప్ప మీద కుట్టింది. ముఖం వాచి, రెండు రోజుల పాటు ఆ కన్ను తెరుచుకోలేదు. అతని తండ్రి ఆగ్రహించాడు. ఆ ఆగ్రహం అన్యాయమైనది కాదు. బిడ్డను మనకు అప్పగించినవాడు, వాడి క్షేమం గురించి మనలను అడగకపోతే మరెవరిని అడుగుతాడు?

ఆ సాయంత్రమే పెద్దలు కూర్చుని రెండు నిర్ణయాలు చేశారు. ఇకపై ప్రాంగణంలో పిల్లులకు తిండి పెట్టరాదు. రాత్రికి కర్రకు గుడ్డ చుట్టి, కిరోసిన్‌లో ముంచి, రెండు తుట్టెలనూ కాల్చివేయాలి. మమ్మల్ని అడిగారు. “సరే, జాగ్రత్తగా చేయండి” అన్నాము.

అసర్ తర్వాత హదీసు తరగతి విద్యార్థి ఒకడు పుస్తకం పట్టుకుని వచ్చాడు. “హజ్రత్, మొన్నటి పాఠంలో ఒక సందేహం. ఈ విషయంలో చీమలకూ కందిరీగలకూ తేడా ఏమైనా ఉందా?” అని అడిగాడు. అతని గొంతులో ఎదిరింపు లేదు. తలవంచుకునే అడిగాడు. మాకు వెంటనే సమాధానం దొరకలేదు.

ఆ పాఠం మేము చెప్పినదే. పూర్వ ప్రవక్తలలో ఒకరిని ఒక చీమ కుట్టగా ఆయన చీమల పుట్టనంతటినీ కాల్పించారనీ, ఒక్క చీమ కుట్టినందుకు దైవాన్ని స్తుతించే ఒక సముదాయాన్నే కాల్చివేశారా అని అల్లాహ్ ఆయనను మందలించాడనీ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. మరొక ప్రయాణ సందర్భంలో, కాలిపోయిన చీమల పుట్టను చూసి మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం), ఎవరు కాల్చారని అడిగి, అగ్నితో శిక్షించే అధికారం అగ్నికి ప్రభువైన వానికి తప్ప మరెవరికీ లేదని బోధించినట్లు అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ద్వారా అబూ దావూద్‌లో వచ్చింది. ఈ రెండింటినీ వారం తిరగక ముందే పిల్లలకు వివరించి, తుట్టెకు నిప్పు పెట్టమని నోటితో అనుమతి ఇచ్చాము!

అరబ్బీలో కందిరీగను ‘జుంబూర్’ అంటారు. వ్యాకరణం చదివిన వారికి ఈ పేరు కొత్తది కాదు. తేలు కాటు ఎక్కువా, కందిరీగ కాటు ఎక్కువా అనే వాక్యం చివరి సర్వనామాల విషయమై బగ్దాదులో సీబవైహ్‌కూ కిసాయీకీ వాదం జరిగిందనీ, అంతటి సీబవైహ్ ఆనాడు ఓడి వెనుదిరిగాడనీ మా విద్యార్థులకు చెబుతుంటాము. ఈసారి ఆ జుంబూర్ చేతిలో ఓడినది మేము.

మగ్రిబ్ తర్వాత పెద్దల వద్దకు వెళ్లి అందరి ముందూ మా మాటను వెనక్కి తీసుకున్నాము. “అయితే పిల్లల మాటేమిటి?” అని వారు అడిగారు. అది సరైన ప్రశ్న. హాని చేయరాదు, హానికి గురి కారాదు అన్నది మన ధర్మశాస్త్రంలో మూలసూత్రం. హాని చేసే జీవిని తొలగించడానికి ధర్మవేత్తలు అనుమతించారు. చంపక తప్పనప్పుడు సైతం బాధ తక్కువగా ఉండేలా చంపమని మహాప్రవక్త (స) ఆదేశించినట్లు షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖించిన హదీసు ముస్లింలో ఉంది. కాబట్టి మా ముందు మూడు హక్కులు నిలిచాయి. పిల్లవాడి భద్రత ఒకటి, పిల్లుల ఆకలి రెండు, కందిరీగ ప్రాణం మూడు. మొదటిది అన్నింటికన్నా ముఖ్యమైనది. కానీ దాని పేరుతో మిగతా రెండింటినీ కాలరాయనవసరం లేదు.

తొలుత కందిరీగ ఎందుకు వస్తున్నదో తెలుసుకోవాలి. అది పిల్లవాడి మీద పగతో రాదు, ఆహారం కోసం వస్తుంది. ఎదిగిన కందిరీగకు ముఖ్యాహారం పూదేనె, పండ్ల రసం వంటి తీపి పదార్థాలు. నడుము అతి సన్ననిది గనుక ఘనపదార్థాన్ని మింగలేదు. మాంసం, చేప ముక్కలను కొరికి ఉండచేసి తుట్టెలోని పిల్ల పురుగుల కోసం మోసుకుపోతుంది. ఆహారం దొరికిన చోటును గుర్తుంచుకుని మళ్లీ మళ్లీ వస్తుంది. వేసవిలో తుట్టెను చల్లబరచడానికి నీటిని కూడా మోస్తుంది. మధ్యాహ్నపు వెలుగులో గంటల తరబడి తెరిచి ఉన్న చేప తలల పళ్లెం, పక్కనే కారే కుళాయి! ఆహ్వానించినది మనమే.

అందువల్ల ఈ మార్పులు చేశాము. పెరటిలో, మేడ మీద, వీధి అరుగుపై పిల్లులకు తిండి పెట్టే పాఠకులందరికీ ఇవి పనికివస్తాయి.

మొదటిది, వేళ. కందిరీగలు పగటి వెలుతురులో తిరుగుతాయి. చీకటి పడ్డాక తుట్టెకు చేరుకుంటాయి. ఫజర్ నమాజు ముగిసిన వెంటనే, ఎండ రాక మునుపు ఒకసారి, మగ్రిబ్ తర్వాత ఒకసారి తిండి పెడితే సమస్యలో సగం తీరుతుంది. పిల్లులు కొద్దిరోజులలోనే కొత్త వేళకు అలవాటుపడతాయి.

రెండవది, పరిమాణం. ఒకేసారి ఎక్కువ పెట్టడం దయ కాదు, వృథా. పిల్లులు ఇరవై, ముప్పై నిమిషాలలో తినగలిగినంతే పెట్టి, మిగిలినది వెంటనే తీసివేయాలి. దానిని మూత ఉన్న డబ్బాలో వేయాలి లేదా లోతుగా పూడ్చాలి. పగటిపూట పెట్టక తప్పకపోతే చేప, మాంసం కాకుండా వాసన తక్కువగా ఉండే పొడి ఆహారం పెట్టడం మేలు.

మూడవది, శుభ్రత. పళ్లెం తీసిన తర్వాత నేల మీద పడిన మెతుకులు, చేపనీరు కడగాలి. వేడినీరు, కొద్దిగా సబ్బు చాలు. ఆ చోటును మళ్లీ ఒకసారి మంచినీళ్లతో కడగాలి. చెట్టు కింద రాలిన మామిడి, జామ, సపోటా పండ్లను కుళ్లనివ్వరాదు. కారుతున్న కుళాయిలను బాగుచేయించాలి. అది ఎలాగూ వుజూ నీటి విషయంలో మన మీద ఉన్న బాధ్యతే.

నాలుగవది, స్థలం. పళ్లెం పిల్లలు నడిచే దారికీ, ఆడుకునే చోటుకూ, తుట్టెకూ దూరంగా ఉండాలి. ఒక చెక్కపెట్టెను పక్కకు పడవేసి, పిల్లి దూరేంత వాకిలి ఉంచి లోపల పళ్లెం పెడితే నీడా ఉంటుంది, వాసనా కొంత అణగుతుంది. చీమల బెడద ఉంటే నీళ్లు పోసిన వెడల్పాటి పళ్లెంలో తిండి గిన్నెను ఉంచాలి. మన ఇళ్లలో పాలగిన్నెకు చేసే ఉపాయమే అది.

ఐదవది, దారి మళ్లించడం. వేళ మార్చిన తొలిరోజులలో కందిరీగలు పాతచోటుకు వచ్చి వెదుకుతాయి. మనుషులు తిరగని మూలలో ఒక చిన్న మాంసపు తునకను పగటిపూట ఉంచితే అవి అటు మళ్లుతాయి. ఆ చోటు పిల్లులకు అందనిదై ఉండాలి. పంచదార నీళ్లు మాత్రం పెట్టవద్దు. వాటికి తేనెటీగలు కూడా వస్తాయి. సీసాలో తీపినీళ్లు పోసి వేలాడదీసే ఉచ్చులలోనూ అవి పడి చస్తాయి. తేనెటీగను చంపరాదని హదీసులో స్పష్టంగా వారించబడింది. దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరాకు (నహ్ల్) దాని పేరే ఉన్నది.

ఇక చేయకూడనివి. పురుగుల మందులు పిల్లి తిరిగే చోట చల్లరాదు. చాలా మందులలో ఉండే పెర్మెత్రిన్ వంటి రసాయనాలను పిల్లి కాలేయం విరిచివేయలేదు. మనిషికీ కుక్కకూ పెద్దగా హాని చేయని మోతాదు సైతం పిల్లిని వణుకుతో, మూర్ఛలతో చంపగలదు. ఫినాయిల్‌తో నేల కడగడం, కలరా ఉండలు చల్లడం, పుదీనా తైలం, లవంగ తైలం వంటి ఘాటైన నూనెలు పూయడం కూడా పిల్లికి ప్రమాదమే. అది ఆ నేల మీద నడిచి, తర్వాత తన పాదాలను తానే నాకుతుంది. కందిరీగ నుండి కాపాడదలచి పిల్లికి విషం పెట్టినవారమవుతాము.

కందిరీగను చేతితో, చెప్పుతో కొట్టరాదని పిల్లలకు నేర్పాలి. నలిగిన కందిరీగ నుండి వెలువడే వాసన తోటి వాటిని రెచ్చగొట్టగలదు. తేనెటీగ ఒకసారి కుట్టి ముల్లు విడిచిపెడుతుంది. కందిరీగ పదేపదే కుట్టగలదు. అది దగ్గరకు వస్తే చేతులు ఊపక మెల్లగా పక్కకు జరగాలి.

కుడితే ఆ చోటును సబ్బునీటితో కడిగి, చల్లటి గుడ్డ అద్దాలి. ఊపిరి ఆడకపోవడం, పెదవులు, నాలుక వాయడం, ఒళ్లంతా దద్దుర్లు, కళ్లు తిరగడం వంటివి కనిపిస్తే ఇంటివైద్యంతో కాలయాపన చేయక వెంటనే 108కి ఫోన్ చేయాలి. నోటిలోనో గొంతులోనో కుట్టినా అంతే. పిల్లికి మూతి వాచి చొల్లు కారుతుంటే పశువైద్యునికి చూపించాలి. మనం వాడే మాత్రలు దానికి ఇవ్వరాదు. పారాసిటమాల్ పిల్లికి ప్రాణాంతకం.

తుట్టెల విషయానికి వస్తే, వేపచెట్టు పై కొమ్మనున్న దానిని అలాగే విడిచిపెట్టాము. అది ఎవరికీ అడ్డం లేదు. పైగా కందిరీగలు పంటలను తినే గొంగళి పురుగులను వేటాడి మేలు చేస్తాయి. వుజూ కుళాయిల పైనున్న తుట్టెను మాత్రం తీయక తప్పలేదు. తేనె తీయడంలో అనుభవమున్న ఒకరు ఇషా తర్వాత, పిల్లలందరినీ లోపల ఉంచి, ఒంటినిండా మందపాటి బట్టలు కప్పుకుని, ఎర్రకాగితం చుట్టిన టార్చి వెలుతురులో తుట్టెకు సంచి తొడిగి, కాడ కోసి, ఊరి వెలుపలికి తీసుకుపోయారు. ఎర్రటి వెలుగు కందిరీగలకు సరిగా కనిపించదట. కొన్ని చనిపోయాయి కూడా. కానీ ఒక్కదానినీ కాల్చలేదు. ఇది అనుభవం లేనివారు చేయదగిన పని కాదని గట్టిగా చెబుతున్నాము.

ఇంతటితో కథ ముగియలేదు. తిండి పెట్టవద్దన్న కబురు అప్పటికే నానీకి చేరింది. ఆమె రావడం మానేసింది. మూడవనాడు ఆ బాలుని తండ్రిని వెంటబెట్టుకుని వారి ఇంటికి వెళ్లాము. ఆమె తలుపు తీసి, మేము నోరు తెరవక ముందే, “నా పళ్లెం వల్లనే కదా పిల్లవాడికి అలా అయింది, మౌలానా! నన్ను క్షమించమని వాడికి చెప్పండి” అంది. ఆ తండ్రి తల దించుకున్నాడు. క్షమాపణ అడగడానికి వెళ్లినది మేము. ఆమె మా కన్నా ముందుగా అడిగింది.

పిల్లిని కట్టివేసి, తిండి పెట్టక, స్వయంగా వెదుక్కుని తిననివ్వక చంపిన స్త్రీ నరకానికి పాత్రురాలైన హదీసు మనందరికీ తెలుసు. అబూ ఖతాదా (రజి) తన వుజూ నీటి పాత్రను పిల్లి త్రాగేందుకు వంచి పట్టుకున్నారు. అది అపవిత్రం కాదనీ, మన చుట్టూ తిరుగాడే వాటిలోనిదనీ మహాప్రవక్త (స) చెప్పిన మాటను ఆయన ఆశ్చర్యపోయిన తన కోడలికి వినిపించారు. మమ్లూక్ సుల్తాను బైబర్స్ కైరోలో పిల్లుల పోషణ కోసం ఒక తోటను వక్ఫ్ చేసినట్లు చెబుతారు. సుల్తాను తోటకూ నానీ పళ్లానికీ కొలతలో తేడా ఉండవచ్చు, సంకల్పంలో లేదు.

ఇప్పుడు నానీ మగ్రిబ్ తర్వాత వస్తున్నది. పిల్లులు తిన్న తర్వాత పళ్లెం తీసి కడిగే బాధ్యతను ఆ బాలుడే అడిగి తీసుకున్నాడు. ప్రశ్న అడిగిన విద్యార్థికి మేము తరగతిలోనే కృతజ్ఞతలు చెప్పాము. గురువు చెప్పిన పాఠాన్ని గురువుకే గుర్తుచేయగల శిష్యుడు లభించడం కూడా అల్లాహ్ అనుగ్రహమే.

బక్రీద్ నాడు ప్రతి ఇంటా ఖుర్బానీ మాంసం ఉంటుంది. వ్యర్థాలను వీధిలో పడవేయక వెంటనే లోతుగా పూడ్చండి. పిల్లుల వాటాను చల్లబడిన వేళ శుభ్రమైన చోట పెట్టండి. మన వల్ల ఏ బిడ్డకూ, ఏ మూగజీవికీ హాని కలగని విధంగా పుణ్యం చేసుకునే వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.